హద్దు కర్రలు, వలస పెట్టె: రోల్వాగ్ నవలలో పైతృక భావన

ఓలే ఎడ్వర్ట్ రోల్వాగ్ (1876–1931) నార్వే ఉత్తర తీరపు ద్వీపంలో జాలరుల మధ్య పుట్టి, 1896లో దక్షిణ డకోటాకు వలస వెళ్ళి, అనంతరం మినసోటాలోని సెయింట్ ఓలాఫ్ కళాశాలలో నార్వీజియన్ భాషా సాహిత్యాలను బోధించినవాడు. ఆయన ప్రసిద్ధ నవల ‘జెయింట్స్ ఇన్ ది ఎర్త్’ అమెరికాలో రచింపబడినదే గాని ఆంగ్లంలో రచింపబడినది కాదు. 1924, 1925 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా నార్వేలో ప్రచురితమై, లింకన్ కోల్‌కార్డ్ సహకారంతో ఆంగ్లీకృతమై 1927లో వెలువడింది. వలస వచ్చిన నేలను గురించి విడిచివచ్చిన భాషలో రాయడం ఆయనకు కేవలం అలవాటు కాదు. 1922లో ఆయన పితృవారసత్వాన్ని గురించి ఒక వ్యాస సంపుటిని ప్రకటించాడు. వలస జాతులన్నీ ఒకే మూసలో కరిగిపోవాలన్న నాటి అమెరికన్ వాదాన్ని ఆయన అంగీకరించలేదు.

ఆ సంపుటిలోని వాదానికి నవల ఉదాహరణప్రాయమని భావించడం సులభం. అయితే వాదంలో నిశ్చయంగా కనిపించిన విషయం కథలో నిలకడ కోల్పోతుంది. నవలకు ఉన్న విలువ అక్కడే ఉందని నా అభిప్రాయం.

కథ 1873 వేసవిలో మొదలవుతుంది. పెర్ హన్సా, అతని భార్య బెరెట్, పిల్లలు ఎడ్ల బండ్లతో డకోటా గడ్డిమైదానానికి చేరుకొంటారు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం అయిదేళ్ళు నివసించి సాగుచేసినవారికి 160 ఎకరాలు దక్కుతాయి. పెర్ హన్సా ఉత్సాహమూర్తి, బెరెట్ భయగ్రస్త. అతనిని వీరునిగా, ఆమెను సరిహద్దు జీవితాన్ని తట్టుకోలేని దుర్బలగా చూడడం ఒక సులభమైన పఠనం. హద్దు కర్రల ఘట్టాన్ని శ్రద్ధగా చదివితే ఈ విభజన నిలవదు.

తన మిత్రుల భూములలో ఐరిష్ పేర్లు చెక్కిన హద్దు కర్రలు పాతి ఉండడం పెర్ హన్సా చూస్తాడు. ఎవరికీ చెప్పకుండా వాటిని పెరికి తెచ్చి దాచి, తరువాత కాల్చివేస్తాడు. పశువుల కొట్టంలో వాటిని బెరెట్ చూస్తుంది. ఆమె పెరిగిన సమాజంలో పొరుగువాని హద్దు జరపడం కంటే ఘోరమైన పాపం లేదు. తరువాత ఐరిష్ వారు వచ్చినప్పుడు వారివద్ద చట్టబద్ధమైన పత్రాలు లేవని తేలుతుంది. ఊరంతా పెర్ హన్సాను మెచ్చుకొంటుంది. బెరెట్ మాత్రం మెచ్చుకోదు. పత్రాలు లేవని అతనికి ముందుగా తెలియదు గదా! ఫలితం అనుకూలించినంత మాత్రాన కార్యం ధర్మం కాదన్న వివేచన ఆ గుంపులో ఆమె ఒక్కతెకే మిగిలింది. గట్టు తగాదాలెరిగిన తెలుగు పాఠకునికి ఈ ఘట్టం వివరించనక్కరలేదు. ఇక్కడ పైతృకమంటే పండుగ వంటో పాటో కాదు, భర్త చర్యను పాపమని గుర్తించే శక్తి. ఆమె మతిభ్రమణానికి బీజం కూడా ఆ శక్తిలోనే ఉంది.

కానీ ఆ ధర్మదృష్టికీ ఒక అంధబిందువు ఉంది. బిగ్ సూ, మిజూరీ నదుల మధ్య ప్రాంతాన్ని యాంక్టన్ డకోటాలు 1858 ఒప్పందం ద్వారా వదులుకోవలసి వచ్చింది; తూర్పున మినసోటాలో 1862 యుద్ధం తరువాత 38 మంది డకోటాలను ఒకేనాడు ఉరితీశారు. కథాకాలం నాటికి ఇవి పాత సంగతులు కావు. పెర్ హన్సా నివాసానికి దగ్గరి గుట్టపై ఒక ఆదివాసి సమాధి ఉందని నవల చెబుతుంది. అతడు ఒక ఆదివాసి చేతిగాయానికి చికిత్స చేస్తాడు, ప్రతిగా గుర్రాన్ని పొందుతాడు. అంతటితో వారు కథనుండి దాదాపు నిష్క్రమిస్తారు. కర్రలు పెరికినందుకు వణికిన బెరెట్, ఆ సమాధి ఎవరి హద్దును తెలుపుతున్నదని అడగదు. రచయితా అడగడు. రెండవ సంపుటికి ‘రాజ్యస్థాపన’ అనే అర్థమిచ్చే పేరు పెట్టిన రచయితలో వ్యంగ్యం ఎంతో, విశ్వాసం ఎంతో తేల్చడం కష్టం. సమాధిని కథలో ఉంచినందుకు ఆయనను మెచ్చుకోవచ్చు. దానిని దాటి ముందుకు నడచినందుకు తప్పు పట్టక తప్పదు.

పైతృకానికి నవలలోని మరో రూపం బెరెట్ పూర్వీకులనాటి పెద్ద పెట్టె. పదిహేడవ శతాబ్దపు సంవత్సరాంకం దానిపై చిత్రించి ఉంటుంది. మొదటి శీతకాలంలో ప్రసవవేళ తాను మరణిస్తానని నమ్మిన బెరెట్, తనను ఆ పెట్టెలోనే పూడ్చాలని కోరుతుంది. మిడతల దండు దిగిన రోజున పిల్లలతో సహా అందులోనే దాక్కొంటుంది. తరువాత వచ్చిన మతబోధకుడు ఆ పెట్టెనే బలిపీఠంగా చేసి ప్రభు భోజన సంస్కారం నిర్వహిస్తాడు. వస్తువు ఒక్కటే, శవపేటిక, గుహ, బలిపీఠం. రోల్వాగ్ దీనిపై వ్యాఖ్య చేయడు, పెట్టెను ఆ మట్టిగడ్డల ఇంటిలో అటూ ఇటూ జరుపుతాడంతే. వ్యాసాలలో ఆయన ఇంత సంయమనం చూపలేదు.

తరువాతి రెండు నవలలలో వివాదం భాషలోకి, వివాహంలోకి ప్రవేశిస్తుంది. క్రిస్మస్ నాడు పుట్టిన కుమారుడు పెడర్ ఆంగ్లంలో పెరిగి తల్లి భాషకు దూరమవుతాడు. చివరకు ఐరిష్ కాథలిక్ యువతి సూసీని పెళ్ళాడతాడు. 1931 నాటి చివరి నవలలో ఆ దాంపత్యం మతభేదంపై విచ్ఛిన్నమవుతుంది. తండ్రి ఐరిష్ వారి హద్దు కర్రలను పొయ్యిలో పెట్టాడు. కొడుకు ఇంటిలో నార్వీజియన్, ఐరిష్ హద్దు మళ్ళీ మొలిచింది.