చెల్లిని అడగలేదు

ఆశా కార్యకర్త ఫారం పట్టుకుని మా ఇంటికొచ్చింది. ముప్పై దాటినవాళ్ళందరికీ అవే ప్రశ్నలు: నోట్లో మానని పుండుందా, రొమ్ములో గడ్డ తగిలిందా. నలభై రెండేళ్ళ మా చెల్లి పక్కనే కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. దాని జవాబులు కూడా "లేదు, లేదు" అని నేనే చెప్పేశాను. ఆమె వెళ్ళాక గానీ తట్టలేదు, దాన్ని ఒక్కటీ అడగలేదని. అడిగితే మాత్రం చెబుతుందా? పంటినొప్పే చెప్పలేదు, అన్నం ఒకవైపే నములుతుంటే మేమే కనిపెట్టాం.

అమ్మది ఒకటే మాట: "పెళ్ళా, పిల్లలా, దానికెందుకే ఆ కేన్సర్ పరీక్షలు?" బుద్ధిమాంద్యమున్న బిడ్డను సాకే ఇళ్ళలో ఇది కొత్త మాటేం కాదు. గర్భాశయ ముఖద్వార కేన్సర్ ఎక్కువగా లైంగికంగా సోకే వైరస్ వల్ల వచ్చేది కనక, అక్కడ ఆ వాదన కొంత నిలుస్తుంది (అలాంటి బిడ్డ మీద ఎవరి చెయ్యీ పడలేదని ఏ ఇల్లు ధీమాగా చెప్పగలదో నాకు తెలీదు). రొమ్ము దగ్గర మాత్రం తిరగబడుతుంది. పిల్లల్ని కననివాళ్ళకు ఆ ముప్పు కాస్త ఎక్కువే. కిద్వాయ్ ఆసుపత్రి 1982 నుంచి రాస్తున్న బెంగళూరు కేన్సర్ల లెక్కలో ఆడవాళ్ళకు ముందు వరసలో ఉన్నదీ అదే. ఇదంతా చెబితే అమ్మ, "ఉన్న కష్టం చాలదా, లేనిది వెతకడమెందుకు" అంది. నా భయమూ అదే. పైకి అనే ధైర్యం ఆమెకుంది.

కేంద్రం 2016లో పెట్టిన పద్ధతి ప్రకారం ఈ కేన్సర్ల కోసం 30 నుంచి 65 ఏళ్ళ దాకా ఐదేళ్ళకోసారి చూడాలి. నోటికి టార్చి, రొమ్ముకు నర్సు చెయ్యి. పెద్ద యంత్రాలేం లేవు కనక ఇంట్లోనే రిహార్సల్ పెట్టాను. ముందు నా నోరు చూపించాను. చెల్లి చెంచాతో నాలుక నొక్కి, "పన్ను నల్లగుంది" అని తీర్పు చెప్పింది. చెల్లిలాంటివాళ్ళ కోసం బ్రిటన్‌లో షీలా హోలిన్స్ మొదలుపెట్టిన మాటల్లేని బొమ్మల పుస్తకాల్లో రొమ్ముల గురించీ ఒకటుంది. ఆ తరహాలోనే నేనూ కాగితం మీద నర్సును గీశాను, పొడుగు జడ వేసి.

సర్కారు నమ్మ క్లినిక్‌కి వెళ్తే, వికలాంగులను ముందు చూడాలన్న వికలాంగుల చట్టం 25వ సెక్షన్ ఎత్తాల్సిన పని పడలేదు. వరసలోని ఆడవాళ్ళే దారిచ్చారు. "బాయి తెగీమ్మా" అంటూ నర్సు తనూ నోరు తెరిచింది. చెల్లి నాలుక బారెడు చాపింది, తర్వాత టార్చి పుచ్చుకుని నర్సు నోరూ చూసింది. తెర వెనక్కి వెళ్ళేసరికి చున్నీ రెండు చేతులా బిగించి "వద్దు" అంది. చేతులు నేను పట్టుకుంటానన్నాను. "బేడ," అంది నర్సు, "ఇన్నొందు దిన బన్ని." వద్దు, ఇంకో రోజు రండి అని.

ఆటోలో చెల్లి బొమ్మ కాగితం తీసింది. "ఈమె కాదు," అంది. "ఆమెకు జడ లేదు."

నిజమే, ముడి. ఇంటికెళ్ళి మళ్ళీ గీయాలి.