మాల్వర్న్ కొయ్య, బ్లాక్‌పూల్ ఇంజిన్

1962 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసుకు వచ్చిన బ్రిటిష్ కార్లలో రెండు చిన్న కంపెనీలవి కూడా ఉన్నాయి. బ్లాక్‌పూల్‌లో తయారైన టీవీఆర్ గ్రాంటూరా మూడంటే మూడు చుట్లు తిరిగి, ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. మాల్వర్న్‌లో తయారైన మోర్గాన్ ప్లస్ 4 మాత్రం గంటకు సగటున 150 కిలోమీటర్ల చొప్పున రాత్రీ పగలూ పరుగెత్తి, రెండు లీటర్ల తరగతిలో మొదటిదిగా నిలిచింది. నడిపినవాళ్లు క్రిస్ లారెన్స్, రిచర్డ్ షెపర్డ్-బారన్. అంతకు ముందటేడు ఇదే మోర్గాన్‌ను, మరీ పాతకాలపు బండిలా ఉందన్న సాకుతో నిర్వాహకులు వెనక్కి పంపేశారని చెప్పుకుంటారు. ఈసారి ఆ బండిని రోడ్డు మీద నడుపుకుంటూనే రేసుకు వెళ్లారు, గెలిచాక అలాగే నడుపుకుంటూ ఇంటికి వచ్చారు.

ఈ రెండు కంపెనీలనూ పక్కపక్కన పెట్టినప్పుడు చాలామంది చెప్పే మాట ఒకటుంది. సంప్రదాయాన్ని పట్టుకున్నందుకు మోర్గాన్ నిలబడిందనీ, దూకుడుగా పోయినందుకు టీవీఆర్ కూలిపోయిందనీ. ఈ లెక్క నాకు సరిపోలేదు. సంప్రదాయం పట్టుకుని మునిగిపోయిన బ్రిటిష్ కంపెనీలు ఎన్ని లేవు? ఇద్దరికీ కావలసింది స్వాతంత్ర్యమే. కాకపోతే, పెద్దది కాకుండా ఉండగలగడాన్నే మోర్గాన్ స్వాతంత్ర్యం అనుకుంది. ఎవరి మీదా ఆధారపడకుండా ఉండటం అనుకుంది టీవీఆర్. అసలు తేడా ఇక్కడే ఉందని నా వాదన.

మోర్గాన్ మొదలుపెట్టిన హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ ఒక పాస్టరుగారి కొడుకు. తొలి పెట్టుబడికి తండ్రి అండ ఉంది. 1910లో లండన్ ఒలింపియా ప్రదర్శనలో పెట్టిన మూడు చక్రాల బండితో పేరొచ్చింది. నాలుగు చక్రాల 4-4 వచ్చింది 1936లో. ఇన్నేళ్లలో మోర్గాన్ తనకంటూ ఇంజిన్ తయారు చేసుకోలేదు. జాప్, మ్యాచ్‌లెస్ మోటార్‌సైకిల్ ఇంజిన్ల దగ్గర మొదలై కోవెంట్రీ క్లైమాక్స్, స్టాండర్డ్, ట్రయంఫ్, ఫోర్డ్, రోవర్, బీఎండబ్ల్యూ దాకా, ఎవరి దగ్గర మంచిది దొరికితే వాళ్ల దగ్గర కొనుక్కుంది. 1950 నాటి ప్లస్ 4లో పెట్టిన వాన్‌గార్డ్ ఇంజిన్ స్టాండర్డ్ కంపెనీది. మద్రాసులో తయారై మన ఊళ్లలో కూడా తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ ఆ ఇంటి బిడ్డే. ఆ స్టాండర్డ్ కంపెనీ 1950లలో మోర్గాన్‌ను కలిపేసుకుంటానని అడిగితే హెచ్.ఎఫ్.ఎస్. ఒప్పుకోలేదు. ఇంజిన్ కొనుక్కోవడానికి మొహమాటపడని మనిషి కంపెనీని మాత్రం అమ్మనన్నాడు.

అయితే కొనకుండా తన చేతిలోనే ఉంచుకున్నదేమిటి? పికర్స్‌లీ రోడ్డులోని షెడ్లలోకి వెళ్తే కనిపిస్తుంది. బాడీ లోపలి చట్రం యాష్ కొయ్యతో చేస్తారు. వెనక చక్రం మీది వంపు కోసం పలుచని కొయ్య పట్టీలను జిగురు పూసి ఒకదాని మీద ఒకటి పేర్చి, అచ్చులో బిగించి, ఆరేదాకా ఉంచుతారు. ఆ తర్వాత వడ్రంగి ఒక్కో చట్రాన్నీ చిత్రిక పట్టి, దాని మీదికి వచ్చే రేకుకు సరిపోయేలా సర్దుతాడు. ఏ రెండు కార్ల కొలతలూ అచ్చంగా ఒక్కటి కావు, కాబట్టి ఒకదాని తలుపు ఇంకోదానికి పట్టదు. తయారీ సగంలో ఉన్న బండిని ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు మనుషులే తోసుకుపోతారు. ముందు చక్రాలకు దశాబ్దాలపాటు వాడిన స్లైడింగ్ పిల్లర్ సస్పెన్షన్ తొలి మూడు చక్రాల బండి నాటిది. 1950ల నుంచి చాలా ఏళ్లపాటు దానికి నూనె అందాలంటే డ్రైవరు కాలితో ఒక మీట నొక్కాల్సి వచ్చేది. చాదస్తం అనేవాళ్లు అనొచ్చు. గతుకుల రోడ్డు మీద నడుము విరిగేదన్న ఫిర్యాదులోనూ అబద్ధం లేదు.

మోర్గాన్ కూడా ఒకసారి దారి తప్పిందని చాలామంది మరిచిపోతారు. 1963లో ప్లస్ 4 ప్లస్ అని, ఫైబర్‌గ్లాస్ బాడీతో, పైన గుండ్రటి కప్పుతో ఒక కారు తెచ్చారు. అంటే టీవీఆర్ అప్పటికే చేస్తున్న పనే. పాత ఖాతాదారులు మొహం తిప్పుకున్నారు, కొత్తవాళ్లు రాలేదు. 1967 దాకా చేసినవి మొత్తం 26. హెచ్.ఎఫ్.ఎస్. కొడుకు పీటర్ మోర్గాన్ గొప్పతనం అది ఓటమి అని త్వరగా గుర్తించడంలో ఉంది. మరుసటి ఏడాది, 1968లో, పాత కొయ్య చట్రపు కారుకే రోవర్ వీ8 ఇంజిన్ బిగించి ప్లస్ 8 తెచ్చాడు. కంపెనీని ఆ తర్వాతి దశాబ్దాలు పోషించింది ఆ కారే.

1990లో బీబీసీ ట్రబుల్‌షూటర్ కార్యక్రమం కోసం సర్ జాన్ హార్వీ-జోన్స్ ఈ ఫ్యాక్టరీకి వచ్చారు. ఐసీఐ లాంటి మహా సంస్థకు అధిపతిగా చేసిన మనిషి. కారు కోసం జనం ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డారు, ఫ్యాక్టరీ మాత్రం తన నడక మార్చుకోలేదు. ఉత్పత్తి పెంచండి, ధర పెంచండి, పద్ధతులు మార్చండి అన్నారాయన. పీటర్, ఆయన కొడుకు చార్లెస్ ఆ సలహాను పక్కన పెట్టారు. వ్యాపార శాస్త్రం చదివినవాళ్లకు అది మొండితనంలా కనిపించింది. నా దృష్టిలో అది లెక్క తెలిసిన మొండితనం. వరస పొడవుగా ఉన్నంతకాలం మార్కెట్ పడిపోయినా ఫ్యాక్టరీకి పని ఉంటుంది. మోర్గాన్ ఉన్న మంచానికి తగ్గట్టే కాళ్లు చాపుకుంది. తర్వాత్తర్వాత పద్ధతుల్లో కొన్ని మార్పులు చేసుకున్నారు కూడా, కానీ తమకు వీలైన వేళకు, తమకు నచ్చినంత మేరకు.

బ్లాక్‌పూల్ కథ వేరు. అక్కడ తరతరాల కుటుంబం లేదు. ట్రెవర్ విల్కిన్సన్ 14 ఏళ్లకే బడి మానేసి గ్యారేజీలో పనికి చేరినవాడు. 1946లో సొంత షాపు తెరిచి, తన పేరులోంచే మూడు అక్షరాలు తీసి కంపెనీకి పెట్టాడు. గొట్టాలతో అతికిన ఉక్కు చాసిస్, దాని మీద ఫైబర్‌గ్లాస్ బాడీ, కొనుక్కొచ్చిన ఇంజిన్. ఇదీ ఆయన సూత్రం. డబ్బు మాత్రం ఎప్పుడూ చాలలేదు. 1962లో, లె మాన్ రేసు నాటికే, ఆయన కంపెనీ విడిచి వెళ్లిపోయాడు. 1965లో లిల్లీ కుటుంబం కొంది. 1981లో పీటర్ వీలర్ కొన్నాడు.

వీలర్ దగ్గర కాసేపు ఆగాలి. కెమికల్ ఇంజినీరు, చమురు పరిశ్రమకు పరికరాలు సరఫరా చేసి సంపాదించినవాడు, టీవీఆర్ కారు కొని నడిపి మోజుపడ్డ ఖాతాదారుడు. ఆయన హయాంలో కార్ల రూపాన్ని కాగితం మీద కాదు, నిలువెత్తు ఫోమ్ దిమ్మెను చెక్కి తేల్చేవారు. గ్రిఫిత్, షిమేరా ఒంపుల్లో ఆ చేతి పని కనిపిస్తుంది. తలుపు పట్టుకునే పిడి ఉంటే ఒంపు చెడుతుందని సెర్బెరాలో దాన్ని తీసేశారు. పక్క అద్దం కింద చెయ్యి పెట్టి బొత్తాం నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. కొన్ని మీటర్లను స్టీరింగ్ కిందికి దించారు. చూసిన ప్రతిచోటా మళ్లీ మొదటినుంచి ఆలోచించిన మనిషి జాడ తెలుస్తుంది. మోర్గాన్ షెడ్లలో చేతిపని తాతల నాటి రూపాన్ని కాపాడింది, వీలర్ దగ్గర అదే చేతిపని ఇంతకుముందు లేని రూపాన్ని పుట్టించింది. విమర్శకుడిగా నాకు ఈ రెండోదే ఎక్కువ విలువైనది.

1994లో రోవర్ కంపెనీ బీఎండబ్ల్యూ చేతిలోకి వెళ్లింది. గ్రిఫిత్‌కు ప్రాణమైన రోవర్ వీ8 రేపు దొరుకుతుందో లేదోనన్న బెంగ పట్టుకుంది. అదే ఇంజిన్ మీద బతుకుతున్న మోర్గాన్ ఏం చేసింది? బీఎండబ్ల్యూ తలుపే తట్టి, వాళ్ల వీ8తోనే 2000లో అల్యూమినియం చాసిస్ ఉన్న ఏరో 8 తెచ్చింది. వీలర్ సొంత ఇంజిన్ల దారి పట్టాడు. అల్ మెల్లింగ్ రూపకల్పనలో ఏజేపీ వీ8 వచ్చింది, ఆ వెనకే స్పీడ్ సిక్స్. 4.5 లీటర్ల సెర్బెరా 420 హార్స్‌పవర్ ఇచ్చేది, అదీ 1,100 కిలోల చిల్లర బరువున్న కారులో. అంత చిన్న కంపెనీ అంతటి ఇంజిన్ చేయడం సామాన్యమైన సాహసం కాదు. కానీ ఇంజిన్ పుట్టించడం ఒక ఎత్తు, దాన్ని ఏళ్ల తరబడి పరీక్షించడం ఇంకో ఎత్తు. ఆ రెండోదానికి డబ్బు లేదు. స్పీడ్ సిక్స్‌లో తొలి రోజుల్లో వాల్వ్ భాగాలు ముందుగానే అరిగిపోయి, వారంటీ ఖర్చు కంపెనీ మీద పడింది. పరీక్షకు తీరిక లేని కంపెనీ తరఫున ఆ పరీక్ష ఖాతాదారులే చేశారు, తమ డబ్బుతో. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు వద్దన్న వీలర్ పట్టుదలను కూడా నేను సమర్థించలేను. నడపడంలోని ఆనందానికి అవి అడ్డు అన్న వాదన, అంత శక్తిగల కారు విషయంలో నిలవదు.

2004లో వీలర్ కంపెనీని 24 ఏళ్ల రష్యన్ యువకుడు నికొలాయ్ స్మొలెన్‌స్కీకి అమ్మేశాడు. రెండేళ్లకు బ్లాక్‌పూల్ ఫ్యాక్టరీ మూతపడింది. 2013లో లెస్ ఎడ్గార్ అనే వ్యాపారి టీవీఆర్ పేరు కొని, 2017లో గుడ్‌వుడ్‌లో కొత్త గ్రిఫిత్‌ను చూపించాడు. దానికి పెట్టింది ఫోర్డ్ వీ8. విల్కిన్సన్ సూత్రానికే తిరిగి వచ్చారన్నమాట. ఏళ్లు గడిచినా అది కొన్నవాళ్ల ఇళ్లకు చేరలేదు.

మోర్గాన్ కూడా ఇప్పుడు వెనకటి మోర్గాన్ కాదు. 2013లో చార్లెస్ మోర్గాన్ సొంత కంపెనీలోనే పదవి పోగొట్టుకున్నాడు. 2019లో కుటుంబం అధిక వాటాను ఇటలీకి చెందిన ఇన్వెస్ట్‌ఇండస్ట్రియల్‌కు అమ్మింది. 2020తో పాత ఉక్కు చాసిస్‌కూ స్వస్తి చెప్పారు. యాష్ కొయ్య చట్రం మాత్రం పోలేదు. 1968 తర్వాత వచ్చిన ఏ మోర్గాన్ కన్నా సెర్బెరాయే గొప్ప కారు అంటాను. కంపెనీ నడపడంలో మాత్రం పీటర్ మోర్గాన్ ముందు వీలర్ నిలవడు.

చదువుకో ఉద్యోగానికో బర్మింగ్‌హామ్ వైపు వెళ్లిన మన పిల్లలు ఇది చదువుతుంటే, మాల్వర్న్ అక్కడికి దగ్గరే. టికెట్టు కొనుక్కుంటే ఫ్యాక్టరీ లోపలంతా చూపిస్తారు. వడ్రంగి చిత్రిక పడుతుంటే పక్కనే నిలబడి చూడండి. సెర్బెరా ఇంజిన్ మోత వినాలంటే మాత్రం టీవీఆర్ కార్ క్లబ్బు వాళ్లు కూడే రోజు చూసుకుని వెళ్లండి.