సంతవీధిలో నిలిచినవారు: ద్రాక్షతోట ఉపమాన వ్యాఖ్యానముపై ఎనుమాముల నుండి ఒక విమర్శ

మత్తయి సువార్త 20:1-16లోని ద్రాక్షతోట పనివారి ఉపమానము మన తెలుగు సంఘములలో తరచుగా ప్రసంగింపబడే వాక్యభాగము. దాని వ్యాఖ్యానము దాదాపు ఒకే దారిలో సాగుతుంది. యజమానుడు దేవుడు, దేనారము రక్షణ, ఉదయమున వచ్చినవారు యూదులు లేక పాత విశ్వాసులు, సాయంకాలము అయిదు గంటలకు వచ్చినవారు అన్యజనులు లేక మరణశయ్యపై మారుమనస్సు పొందినవారు. కృపను ఎవరూ సంపాదించుకొనలేరన్నది ముగింపు. ఈ వ్యాఖ్యానము తప్పని మేము చెప్పుట లేదు. 19:27లో పేతురు తమకు ఏమి దొరుకునని అడిగిన తరువాతనే ఈ ఉపమానము వచ్చినది గనుక శిష్యుల ప్రతిఫలమును గూర్చిన హెచ్చరిక ఇందులో ఉన్నది. మా విమర్శ వేరు. ఈ ప్రసంగములలో కూలివాడు మొదటి నిమిషములోనే మాయమగుచున్నాడు. ఆత్మీయార్థము దొరకగానే అతని ఆకలి మనకు అవసరము లేనిదగుచున్నది.

ఈ మాట వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టును మనస్సులో ఉంచుకొని వ్రాయుచున్నాము. ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటని వరంగల్ వారు గర్వముగా చెప్పుకొను యార్డు అది. శీతాకాలములో పత్తి, ఫిబ్రవరి మొదలు ఎండలు ముదిరే వరకు మిర్చి, వాటితోపాటు పసుపు, మక్కలు వచ్చును. బస్తాలు మోయు హమాలీలు, కాంటా వేయు దడువాయిలు, రాలినదానిని ఊడ్చి చాటలతో చెరుగు స్త్రీలు, అడ్తిదారుల గుమాస్తాలు, వీరందరి చేతులమీదుగా సరుకు కదలును. మిర్చి సీజనులో ఆ ఘాటుకు దగ్గకుండ, కన్నీరు కారకుండ పని చేయువారు లేరు. 2025లో వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు లభించినది. పంటకు పేరు వచ్చుట సంతోషమే. దానిని మోసిన వీపునకు మాత్రము ఇంకను పేరు లేదు.

హమాలీకి నెల జీతము లేదు. బస్తాకు ఇంతయని కూలి. సరుకు రాని దినమున, వర్షము కురిసిన దినమున, సెలవు దినమున అతడు ఉపమానములోని సాయంకాలపు మనిషివలె నిలిచియుండును. ఆ మనుష్యులను గూర్చి సువార్తికుడు వాడిన గ్రీకు మాట 'అర్గోస్'. పని లేనివాడని దాని మూలార్థము. మన ప్రసంగీకులు కొందరు దీనినుండి సోమరితనముపై ప్రసంగము చేయుట విన్నాము. వాక్యభాగమే ఆ అర్థమును అడ్డగించుచున్నది. ఎందుకు నిలిచితిరని అడుగగా, తమను ఎవరును కూలికి పెట్టుకొనలేదని వారు చెప్పిరి. యజమానుడు ఆ జవాబును అనుమానింపలేదు. సోమరియైతే సాయంకాలము అయిదు గంటల వరకు సంతలో ఎందుకు నిలుచును? ఇంటికి పోవును.

పండితులు ఈ విషయమును గమనింపక పోలేదు. యోవాకిం యెరెమియాస్ తన ఉపమానముల అధ్యయనములో, ఒక గంట పనికి న్యాయముగా రావలసిన కూలి ఒక కుటుంబమును పోషింపలేదనియు, యజమానుడు వారి పేదరికమును చూచి దినకూలి మొత్తము ఇచ్చెననియు చూపెను. విలియం హెర్జోగ్ 1994లో ప్రచురించిన గ్రంథములో ఇంకను ముందుకు పోయి, ఈ యజమానుడు దేవుడు కాడనియు, కూలివారిని తన దయపై ఆధారపడజేసి వారి ఐక్యతను చీల్చిన భూస్వామియనియు వాదించెను. మాకు యెరెమియాస్ దగ్గరగా కనబడుచున్నాడు. తన గృహనిర్వాహకుడు ఉండగా యజమానుడు తానే అయిదుసార్లు సంతకు పోవుటకు హెర్జోగ్ వాదనలో తగిన కారణము కనబడదు. అయినను హెర్జోగ్ లేవనెత్తిన ఒక ప్రశ్నను మేము వదలలేము. ఈ దినము దయ చూపబడినది సరే, మరునాటి ఉదయము ఆ మనుష్యులు ఎక్కడ నిలిచిరి? ఉపమానము చెప్పదు. బహుశా అదే సంతవీధిలో.

ఇక్కడ ఎనుమాముల ఉపమానముకంటె చిక్కైనది. ద్రాక్షతోటలో యజమానుడు, కూలివాడు ఇద్దరే. యార్డులో రైతు, అడ్తిదారు, ఖరీదుదారు, హమాలీ ఉన్నారు. సరుకు దింపి కాంటా అగువరకు అయ్యే కూలి సాధారణముగా రైతు తక్‌పట్టీలో తగ్గింపబడును. తరువాతి ఎత్తుడు, దింపుడు ఖరీదుదారునిది. కావున హమాలీ రేటు పెంచుమని సమ్మె జరిగినప్పుడెల్ల కొంత భారము, ధర పడిపోయి అప్పులలో మునిగిన కౌలురైతుపై పడును. మన పల్లె సంఘములలో ఆ కౌలురైతు, ఈ హమాలీ ఒకే బల్లలో పాలుపొందువారు కావచ్చును. ధనవంతుడు, దరిద్రుడు అను రెండు పాత్రలతో సరిపెట్టు ప్రసంగము ఇక్కడ చాలదు. ఇద్దరు పేదలు ఒకే చీటీపై తగవులాడుకొనుచుండగా ఆ చీటీని వ్రాయువాడు పక్కన ఉండును. పంటకోసిన పనివారి కూలిని బిగబట్టినవారిని గూర్చి యాకోబు 5:4 పలికిన తీర్పును ప్రసంగించునప్పుడు, వేలు ఎవరివైపు చూపవలెనో ముందు తక్‌పట్టీని చదివి తెలిసికొనవలెను.

తరముల ప్రశ్న ఇంకను బరువైనది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో, పెద్ద వయస్సు పురుషుడు మోయు బరువు 55 కిలోలు మించకూడదని సిఫారసు చేసెను. ఏ బరువైనను ముప్పది ఏండ్లు మోసిన నడుము, మోకాళ్లు వృద్ధాప్యమునకు ముందే చాలించును. అప్పుడేమి? 1934లో స్థాపింపబడి 2002లో మూతబడిన వరంగల్ ఆజంజాహి మిల్లు కార్మికునికి ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ అను మాటలు తెలియును. వాటి కొరకు పోరాడుటకైనను ఒక యజమాని పేరు ఉండెను. హమాలీకి అందరును యజమానులే, గనుక ఎవరును కారు. 2014లో ఆరంభమైన ఆసరా పింఛను, 2019లో 2,016 రూపాయలైనది, మంచిదే. కాని అది ప్రభుత్వము పేదకు ఇచ్చునది. మోసిన బస్తాలకు రావలసిన వెనుకటి బాకీ కాదు. ఆ బాకీని చెల్లించుచున్నది అతని పిల్లలు, చదువు మానుకొనుట ద్వారా, అప్పు తలకెత్తుకొనుట ద్వారా.

ఇది తప్పనిసరి కాదు. అణ్ణాసాహెబ్ పాటిల్ వంటి నాయకుల ఉద్యమ ఫలితముగా మహారాష్ట్రలో 1969లో మాథాడీ హమాలీల చట్టము వచ్చెను. కూలితోపాటు దానిపై కొంత శాతము లెవీని వర్తకులు బోర్డుకు కట్టుదురు. దానినుండి ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, సెలవు జీతము, వైద్యము. యజమానులు ఎందరైనను బోర్డు ఒకటే. తెలుగు నేలపై హమాలీల సంఘములు ఇటువంటి సంక్షేమ బోర్డునే చాలకాలముగా అడుగుచున్నవి. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మిక కోడ్‌లు అసంఘటిత కార్మికుల పథకములను ప్రభుత్వములు రూపొందించుటకు వదలివేసినవి.

లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాద సంవత్సరము సరిగా ఈ మరునాటి ఉదయమును గూర్చినదే. అక్కడ భూమి ధర మిగిలిన పంటల లెక్కన కట్టబడును. ఏబదియవ యేట తండ్రి నష్టము అక్కడితో ఆగును, కుమారుడు స్వాస్థ్యమునకు తిరిగి వచ్చును. అది ఆచరింపబడెనా లేదా అన్నదానిపై పండితులలో వాదము ఉన్నది. ఆచరింపబడకపోయినను, ఒక తరము నష్టము మరొక తరమునకు సంక్రమింపరాదని ధర్మశాస్త్రము వ్రాసియుంచినది. మనము తరములను గూర్చి మాటలాడునప్పుడు మాత్రము నిర్గమకాండము 20:5ను పట్టుకొని వంశశాపములు విరుచు కూటములు పెట్టుచున్నాము. తండ్రి దోషమును కుమారుడు మోయడన్న యెహెజ్కేలు 18వ అధ్యాయము ఆ కూటములలో చదువబడుట మేము వినలేదు. హమాలీ కుమారునిపై ఉన్నది శాపము కాదు, వడ్డీ.

ఇక మనకు దగ్గరి మాట. 1 తిమోతి 5:18ను కాపరులమందరము ఎరుగుదుము. సంఘ కమిటీ ముందు జీతము ప్రస్తావన వచ్చినప్పుడు ఎక్కువగా వాడబడు వచనము అదియే. అందులో రెండు మాటలు కలిసియున్నవి. ఒకటి ద్వితీయోపదేశకాండము 25:4లోని కళ్లములో నూర్చు ఎద్దును గూర్చినది. రెండవది లూకా 10:7లో ప్రభువు పనివాని జీతమును గూర్చి పలికినది. వాదన క్రమమును గమనించండి. ఎద్దునకు హక్కు కలదు, కూలివానికి హక్కు కలదు, అందుచేత బోధకునికిని కలదు. మొదటి రెండు మెట్లు అందరును ఒప్పుకొన్నవిగా ఎంచబడినవి గనుకనే మూడవది నిలుచుచున్నది. మనము మూడవ మెట్టుపై నిలిచి మొదటి రెండింటిని ప్రసంగించుట మానితిమి. సంఘ వార్షిక లెక్కలలో కాపరి జీతము, భవిష్యనిధి ఒక వరుసలో ఉండును. గుడి ఊడ్చు స్త్రీకి, హాస్టలు వంటమనిషికి, రాత్రి కావలివానికి ఇచ్చినది చాలచోట్ల "ఇతర ఖర్చులు" అను వరుసలో, పేరు లేకుండ.