రాకీ పర్వతాలు దాటిన రెండో గొట్టం

కెనడాలోని ఎడ్మంటన్ నుంచి పసిఫిక్ తీరాన బర్నబీ దాకా 1,150 కిలోమీటర్ల పొడవునా సాగే ట్రాన్స్ మౌంటెన్ పైపులైను 1953 నుంచి చమురు మోస్తోంది. ఆ దారి వెంబడే రెండో గొట్టం వేసి, రోజుకు 3 లక్షల పీపాలున్న సామర్థ్యాన్ని 8.9 లక్షలకు పెంచారు. 2024 మే 1న అది పని మొదలుపెట్టింది.

దీని వెనుక యాజమాన్యం కథ కూడా ఉంది. బర్నబీ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ప్రభుత్వ వ్యతిరేకత, కోర్టు వివాదాల మధ్య అప్పటి యజమాని కిండర్ మోర్గాన్ సంస్థ వెనకడుగు వేస్తే, 2018లో కెనడా ప్రభుత్వం 450 కోట్ల కెనడా డాలర్లకు పైపులైనును కొన్నది. ఆదివాసీ జాతులను సరిగా సంప్రదించలేదంటూ అదే ఏడాది ఫెడరల్ అప్పీల్ కోర్టు విస్తరణ అనుమతిని కొట్టేసింది. మళ్లీ సంప్రదింపులు జరిపాక 2019లో కొత్త అనుమతి వచ్చింది.

ఇక పనితనం చూడండి. పాత గొట్టంలో చమురు పారుతుండగానే చాలా చోట్ల దాని పక్కనే కొత్త కందకం తవ్వారు. ఫ్రేజర్ నదిని దాటడానికి నీళ్లను కదపలేదు. ఒడ్డు నుంచి ఏటవాలుగా భూమిని తొలిచారు. ఇలాంటి పనిలో రంధ్రం కూలకుండా బంకమట్టి బురద నింపుతారు; విడతలుగా వెడల్పు చేస్తారు; ముందే వెల్డింగ్ చేసి ఉంచిన పైపును అందులోంచి లాగుతారు. బర్నబీ కొండ కిందైతే 2.6 కిలోమీటర్ల సొరంగం తవ్వి, ట్యాంకులనూ ఓడరేవునూ కలిపే మూడు గొట్టాలను అందులో పరిచారు.

హోప్, చిల్లివాక్ పట్టణాల మధ్య రాయి మొండికేసింది. అక్కడ 36 అంగుళాల గొట్టమే వేయాలని పట్టుబట్టకుండా, నియంత్రణ సంస్థ అనుమతితో రెండు కిలోమీటర్లకు పైగా 30 అంగుళాల గొట్టం వేశారు. రాతిని చదివి లెక్క మార్చుకోవడమే అసలైన ఇంజనీరింగ్ అని నా నమ్మకం.

రెండు గొట్టాల మధ్య పని విభజన మరీ చక్కనిది. పాత గొట్టం తేలిక చమురునూ పెట్రోలు వంటి శుద్ధి చేసిన సరుకునూ వంతులవారీగా మోస్తుంది. బరువైన ముడిచమురు కొత్త గొట్టానిది.

ఖర్చు మాత్రం 540 కోట్ల డాలర్ల తొలి అంచనా నుంచి 3,400 కోట్లకు చేరింది. పనితనాన్ని మెచ్చుకునేవాళ్లూ ఈ లెక్కను మరవకూడదు. పైపులైనును ఎల్లకాలం తన దగ్గరే ఉంచుకోనని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. అమ్మే రోజు వస్తే ధర ఒక్కటే చూడకూడదు. తనిఖీకీ మరమ్మతుకూ వెనకాడని చేతికే ఈ గొట్టాలను అప్పగించాలి.