నిలిచే మట్టి, ఒదిగే మట్టి

ఖైరతాబాద్‌లో 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు ఎత్తు గణపతితో ఉత్సవం మొదలుపెట్టారు. ఏటా దాదాపు ఒక్కో అడుగు పెరుగుతూ 2014కల్లా విగ్రహం 60 అడుగులకు చేరింది. ఈ కథ హైదరాబాద్‌లో చిన్నపిల్లలకూ తెలుసు. నాకు అంతకన్నా గొప్పగా తోచేది 2022లో వచ్చిన మార్పు. అంతవరకూ ఆ భారీ విగ్రహాలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఆధారం. ఆ ఏడు శిల్పి చిన్నస్వామి రాజేంద్రన్ బృందం 50 అడుగుల గణపతిని మట్టితో నిలబెట్టింది. మరుసటి ఏడు 63 అడుగులు, 2024లో 70 అడుగులు, రెండూ మట్టివే.

ఇది ఎంత కష్టమో ఒక చిన్న లెక్క చెబుతుంది. బొజ్జ పక్కభాగం దాదాపు నిట్టనిలువు. దాని మీద 2 సెంటీమీటర్ల మందాన తడిమట్టి మెత్తితే చదరపు మీటరుకు సుమారు 36 కిలోల బరువు కిందికి లాగుతూ ఉంటుంది. ప్లాస్టర్‌కైతే ఈ బాధ కాసేపే. నీళ్లు కలిపిన కొద్ది నిమిషాల్లో రసాయనిక చర్య జరిగి బిగుసుకుపోతుంది. మట్టి మాత్రం ఆరేదాకా తన బరువు తానే మొయ్యాలి. అలాగని మొండికేస్తే పని జరగదు. మేస్త్రీ బొటనవేలు నొక్కగానే కదిలి తొండం మీద మడతగా, కనురెప్పగా మారాలి. వేలు తీయగానే ఎక్కడిదక్కడ ఆగాలి.

ఈ రెండు గుణాలూ మట్టికి దాని రేణువుల ఆకారం వల్ల వచ్చాయి. బంకమట్టి రేణువు గుండ్రటి ఇసుకరేణువు లాంటిది కాదు, పలచటి రేకు. కొన్ని రకాల్లో ఒక్కో పొర మందం ఒక నానోమీటరే, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. నీళ్లలో ఈ రేకులు ఒకదాని అంచు మరొకదాని ముఖానికి ఆనుకుని పేకమేడలా నిలబడతాయి. కదలకుండా ఉన్నంతసేపూ ఆ అల్లిక బరువును కాస్తుంది. ఒక హద్దు దాటి ఒత్తిడి పడితే అల్లిక విడిపోయి, రేకులు ఒత్తిడి సాగే దిక్కుకు వరుసగా పడుకుంటాయి, మట్టి జారుతుంది. చెయ్యి తీస్తే మళ్లీ మెల్లగా అల్లుకుంటాయి.

మేస్త్రీల పనంతా ఆ హద్దును తమకు కావలసిన చోట నిలపడమే. మట్టిని నానబెట్టి, రాళ్లు ఏరి, కాళ్లతో తొక్కి పదునుకు తెస్తారు. పదును అనేది పట్టుకుని చూసి చెప్పేదే. నీళ్లు కాస్త ఎక్కువైతే పూత జారుతుంది, తక్కువైతే కిందిపొరను అంటుకోదు. పెద్ద విగ్రహానికి ఇనుప చట్రం వేస్తారు. బెంగాల్ నుంచి వచ్చే కళాకారులు గడ్డిని పురికొసతో బిగించి కట్టి ఒళ్లు తీరుస్తారు. మొదటి పూతలో ఊక, పీచు కలిపిన మోటుమట్టి, పైపూతకు మెత్తటి వండ్రు. నీళ్లు పోయేకొద్దీ రేకులు దగ్గరై మట్టి ముడుచుకుంటుంది, నెర్రెలు వస్తాయి. ఊకా పీచూ ఆ నెర్రెను సాగనివ్వకుండా పట్టి ఉంచుతాయి. అందుకే ఒక్కసారిగా మందంగా మెత్తరు, పూత మీద పూతగా వేస్తారు.

ఈ రేకుల గుణం విగ్రహాల దగ్గరే ఆగలేదు. తెలంగాణ నల్లరేగడిలో దండిగా ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజమే ప్లాస్టిక్ శాస్త్రంలోనూ పెద్ద పేరు తెచ్చుకుంది. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారేది ఈ ఖనిజపు రేకుల మధ్య నీళ్లు చేరడం, పోవడం వల్లే. 1980 దశకం చివర్లో జపాన్‌లో టొయోటా పరిశోధకులు ఆ రేకులను నైలాన్‌లో విడదీసి కలిపారు. ముందుగా రేకుల మధ్యనున్న సోడియంను తీసి, నైలాన్‌తో పొత్తు కుదిరే అణువులను పెట్టారు. 5 శాతం లోపు మట్టితోనే, బరువు కింద నైలాన్ వంగిపోయే ఉష్ణోగ్రత 65 డిగ్రీల నుంచి 150 దాకా పెరిగింది. అలాంటి ప్లాస్టిక్‌ను కరిగించి ఉంచితే, మెల్లగా కదిపినప్పుడు ఘనపదార్థంలా ఎదురు నిలుస్తుంది. అచ్చులోకి వేగంగా నెట్టినప్పుడు రేకులు ప్రవాహం వెంట వరుసకట్టి, మామూలు ప్లాస్టిక్‌లాగే సాఫీగా పారుతుంది. నీళ్ల బదులు కరిగిన పాలిమర్, మేస్త్రీ వేలి బదులు యంత్రం. రేకుల నడత ఒకటే.

ప్లాస్టర్ మీద ఒక్క విషయంలో మట్టిది పైచేయి. కాల్చని మట్టిలోంచి పోయింది నీరే కాబట్టి, నీరు తిరిగి వస్తే అది మళ్లీ వండ్రే అవుతుంది. ప్లాస్టర్ జిప్సంగా మారి అంత తేలిగ్గా కరగదు. 2021లో తెలంగాణ హైకోర్టు ప్లాస్టర్ విగ్రహాలను హుస్సేన్‌సాగర్‌లో నిమజ్జనం చేయవద్దన్నది. మట్టికి మళ్లడాన్ని నేను కేవలం నిబంధన పాటించడంగా చూడను. చేతికి తెలిసిన ఒక విద్యకు దక్కిన గౌరవం అది.

అయితే ఆ విద్య చేతుల్లోనే ఉంది, కాగితం మీద లేకపోతే నిలవదు. చర్లపల్లిలో ప్లాస్టిక్ ఇంజనీరింగ్ నేర్పే సిపెట్ ఉంది, తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది. పాలిమర్లు చదివే విద్యార్థులారా, నిర్జల ఏకాదశి నాడు విగ్రహం పని మొదలుపెట్టే కర్రపూజ అయ్యాక ఖైరతాబాద్ వెళ్లండి. రంగులు పడకముందే వెళ్లండి. మేస్త్రీలను అడిగి పిడికెడు మట్టి తెచ్చి, పదార్థం ఎలా పారుతుందో కొలిచే రియోమీటర్ మీద కొలవండి. ఊక ఎంత, నీరెంత, ఏ పూతకు ఏ పదును, వాళ్ల మాటల్లోనే రాసి, వాళ్ల పేర్లతోనే అచ్చు వేయించండి.