జాన్లీస్ దొరసాని బడి

పారిస్‌లోని వృత్తికళల మ్యూజియంలో కొన్ని బుల్లి కార్ఖానాలున్నాయి. ఒకటి వడ్రంగి కొట్టం, ఒకటి తాళాలు చేసేవాడి కొలిమి, ఒకటి పింగాణీ తయారయ్యే చోటు, ఇంకొకటి రసాయన ప్రయోగశాల. అన్నీ అసలు కొలతలో ఎనిమిదో వంతు. కొట్టంలో పనిబల్లలు, రంపాలు, చిత్రికలు, ఉలులు, పని తెలిసిన మనిషి చూస్తే ఏది దేనికో చెప్పేంత నిక్కచ్చిగా అమర్చి ఉంటాయి. చేసినవాళ్లు సామాన్యులు కారు. సెయిన్ నది నీళ్లను ఆవిరి పంపులతో తోడి పారిస్ నగరానికి పంచిన పెరియే సోదరులు, వాళ్లకి తోడు కలా అనే యంత్రశిల్పి. దిదెరో విజ్ఞాన సర్వస్వంలోని బొమ్మల పలకలు ముందు పెట్టుకుని 1783లో వీటిని తయారుచేశారు. చేయించింది ఒక దొరసాని, రాజకుటుంబపు పిల్లల కోసం.

ఆవిడ పేరు స్టెఫనీ ఫెలిసిటే, జాన్లీస్ కౌంటెస్. బూర్గొన్ ప్రాంతంలో 1746 జనవరి 25న పుట్టింది. నవలలు, నాటకాలు, జ్ఞాపకాలు గుట్టలుగా రాసింది. ఆ రోజుల్లో యూరప్ అంతా వాటిని చదివింది. ఆవిడ గురించి రాసేవాళ్లు చాలామంది ఆ పుస్తకాల దగ్గరో, ఓర్లియాన్ ప్రభువుతో నడిచిన ప్రేమ వ్యవహారం దగ్గరో ఆగిపోతారు. నాకు మాత్రం ఆవిడ చేసిన అసలు పని, పిల్లల్ని పెంచిన పని, ఎక్కువ గొప్పగా కనిపిస్తుంది. ఆ పనిలో ఒక శిల్పి నైపుణ్యం ఉంది. ఏ కీలు ఎక్కడ బిగించాలో, ఏ బరువు ఎప్పుడు మోపాలో ఎరిగిన చెయ్యి అది.

పాఠం చెప్పాలన్న తపన ఆవిడకి చిన్నప్పుడే పట్టుకుంది. తండ్రి కోట మిద్దె గోడ కిందకి ఊరి పిల్లలు రెల్లు కోసుకోవడానికి వచ్చేవాళ్లు. పైనుంచి గోడ మీద వాలి, తనకి వచ్చిన పద్యాలు, ప్రశ్నోత్తరాల మతపాఠం, కాస్త సంగీతం వాళ్లకి నేర్పేది. బాగా చెప్పినవాళ్లకి పళ్లు, తినుబండారాలు. తర్వాత తండ్రి ఆస్తి కరిగిపోయింది. హార్ప్ వాయిద్యంలో సంపాదించిన నేర్పే కొన్నాళ్లు ఆవిడకీ తల్లికీ పెద్దింటి తలుపులు తెరిచింది. 1763లో పెళ్లి. 1772లో షార్త్ర్ డచెస్ దగ్గర పరివారంలో చేరింది. ఆ డచెస్ భర్తే తర్వాత ఓర్లియాన్ ప్రభువు, రాజుకి దగ్గర చుట్టం.

1777లో ఆ దంపతులకి కవల ఆడపిల్లలు పుట్టారు. వాళ్ల పెంపకం జాన్లీస్ చేతికిచ్చారు. ఆవిడ పలే రొయాల్ భవనం వదిలేసి, బెల్‌షాస్ కాన్వెంటు ఆవరణలో కట్టించిన ఇంటికి పసిబిడ్డలతో సహా వెళ్లిపోయింది. ఇంతవరకు వింతేమీ లేదు. రాజకుటుంబాల్లో పసితనం ఆడవాళ్ల చేతుల్లోనే గడుస్తుంది. మగపిల్లవాడికి ఏడేళ్లు రాగానే ఆడవాళ్ల నుంచి తప్పించి మగ గురువులకి అప్పజెప్పడం ఆచారం. 1782 జనవరిలో ఆ ఆచారం తెగింది. పెద్దకొడుకు లూయీ ఫిలిప్‌కి ఎనిమిదేళ్లు, తమ్ముడు మోన్‌పాన్సియేకి ఆరేళ్లు. వాళ్లిద్దరికీ కూడా జాన్లీస్‌నే నియమించాడు తండ్రి, మగవాళ్లకి మాత్రమే ఇచ్చే గవర్నర్ హోదాలో. ఊరంతా పాటలు కట్టి ఎగతాళి చేసింది. అప్పటిదాకా పిల్లల్ని చూసుకుంటున్న బొనార్ అనే కవి, ఒక స్త్రీ కింద పనిచెయ్యలేనని తప్పుకున్నాడు. ఆవిడ ఆ పాటలకి జవాబివ్వలేదు, పనిలోకి దిగింది.

ముందు ఇంటి గోడల సంగతి చూసింది. రాజుల ఇళ్లలో గోడలకి వేటదృశ్యాలో, పూలతీగలో ఉంటాయి. బెల్‌షాస్‌లో రోము రాజులు, చక్రవర్తులు వరసగా నిలబడ్డారు. భోజనాల గదిలో పురాణగాథలు. మెట్ల దారి పొడుగునా దేశపటాలు. పిల్లవాడు రోజుకి ఎన్నిసార్లు పైకీ కిందకీ పరుగెత్తుతాడు! అన్నిసార్లూ వాడి కంటి ముందు నుంచి నదులు, సముద్రాలు, రాజ్యాల సరిహద్దులు సాగిపోతాయి. సాయంత్రం మేజిక్ లాంతరు. డ్రాయింగ్ మాస్టారు మిరీస్ చేత గాజుపలకల మీద బైబిలు కథలు, రోము చరిత్ర, చైనా, జపాను చరిత్రలు వేయించింది. పిల్లలు దీపం వెలుగులో చూస్తారు, చూసింది చెబుతారు. అలా చరిత్ర కంఠస్థం కాకముందే కంటికి పరిచయమైపోతుంది.

భాషలు నేర్పిన తీరు ఇంకా ముచ్చటైనది. వ్యాకరణం పక్కన పెట్టి, రోజునే భాషలుగా పంచేసింది. ఉదయం షికారు జర్మన్‌లో, మధ్యాహ్నం భోజనం ఇంగ్లీషులో, రాత్రి భోజనం ఇటాలియన్‌లో. తోటమాలి జర్మన్. ఆకలేసిన పిల్లవాడికి రొట్టె కావాలంటే ఆ పూట భాషలోనే అడగాలి. ఇంగ్లీషు మాట్లాడే తోటిపిల్ల ఉండాలని పమేలా అనే చిన్నారిని ఇంగ్లండు నుంచి తెప్పించింది. ఆ పిల్ల ఆవిడ సొంత కూతురేనని లోకం గుసగుసలాడింది. ఆ గుసగుసల్లో నిజమెంతో గానీ, పిల్లలకి ఇంగ్లీషు మాత్రం బాగా పట్టుబడింది.

వేసవికి సాన్ లూ ఊరికి మకాం మారేది. అక్కడ పెద్ద తోట ఉంది. ప్రతి పిల్లవాడికీ ఒక చెక్క నేల. తవ్వుకోవాలి, నాటుకోవాలి, నీళ్లు పోసుకోవాలి. అల్యోన్ అనే మందుల శాస్త్రజ్ఞుడు వాళ్ల వెంట నడుస్తూ మొక్కల పేర్లు, వాటి గుణాలు చెప్పేవాడు. చదివిన ప్రసిద్ధ సముద్రయాత్రల్ని తోటలోనే ఆటగా ఆడించేది. చరిత్రలోని ఘట్టాలకి పిల్లలు వేషాలు కట్టి కదలకుండా నిలబడితే, చిత్రకారుడు దావీద్ వచ్చి ఎవరు ఎక్కడ నిలబడాలో సర్దిన రోజులూ ఉన్నాయి.

చలికాలం పారిస్‌లో చేతిపనులు. తరిణె పట్టడం, అట్టపెట్టెలు కట్టడం, కాగితానికి రంగులద్దడం, బుట్టలు అల్లడం, వడ్రంగం. ఏదైనా కార్ఖానా చూడ్డానికి తీసుకెళితే, ఆ వృత్తి గురించి విజ్ఞాన సర్వస్వంలో ముందు చదివించి మరీ తీసుకెళ్లేది. ఆ బుల్లి కొట్టాల నమూనాలు అక్కడే ఉపయోగపడ్డాయి. పేజీ మీద చూసిన పనిముట్టుని నమూనాలో వెతికి, ఆ తర్వాత మనిషి చేతిలో చూసేవాడు పిల్లవాడు. చివరికి అది తన చేతికే వచ్చేది. కాగితం, బొమ్మ, మనిషి, సొంత చెయ్యి: ఈ నాలుగు మెట్లలో ఒక్కటి కూడా దాటవెయ్యలేదు ఆవిడ. బోధన గురించి ఎంత చదివినా ఇంత స్పష్టమైన వరస నాకు అరుదుగా కనిపిస్తుంది.

వడ్రంగంలో ఇద్దరన్నదమ్ములూ బాగా చెయ్యి తిరిగారు. సాన్ లూలో ఒక పేద రైతు స్త్రీ ఇంటికి ఒక పెద్ద బీరువా, సొరుగున్న ఒక బల్ల చేసిపెట్టారు. పేరున్న వడ్రంగి చేసినట్టే కుదిరిందని జాన్లీస్ గర్వంగా రాసుకుంది. సొరుగున్న బల్ల చెయ్యడం ఎంత కష్టమో చెక్కపని ఎరిగినవాళ్లకి తెలుసు. పక్కలు ఒక నూలు తేడా వచ్చినా సొరుగు బిగుసుకుంటుంది, లేదా వదులై ఊగుతుంది. ఫ్రాన్సు రాజవంశపు పిల్లలు ఆ నూలు తేడాని చిత్రికతో దిద్దుకుంటూ కూర్చున్నారు. ఆ బల్ల వాళ్ల భవనంలోకి ముచ్చట కోసం చేసింది కాదు, ఒక ఇల్లాలు రోజూ వాడుకోవడానికి చేసింది. పని పనికొచ్చేదిగా ఉండాలని ఆవిడ పెట్టిన పట్టుదలకి అది నిదర్శనం.

ఒళ్లు గట్టిపడ్డానికి సీసం అడుగులున్న బూట్లు తొడిగించి నడిపించింది. కప్పీల మీద బరువులు లాగించింది, నీళ్ల బక్కెట్లు మోయించింది, చెక్కబల్ల మీద పడుకోబెట్టింది. బరువులు ఒక్కసారిగా పెంచలేదు, ఒంటికి అలవాటయ్యే కొద్దీ కొంచెం కొంచెం పెంచుతూ పోయింది. లూయీ ఫిలిప్ గాయాలకి కట్లు కట్టడం, నెత్తురు తియ్యడం కూడా నేర్చుకున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, దినచర్య పుస్తకం ఒక ఎత్తు. ఉప గురువు లెబ్రన్ పిల్లల రోజు ఎలా గడిచిందో రాసి ఉంచేవాడు. ఆవిడ దాన్ని చదివి, పక్కన తన మాట రాసేది: మెచ్చుకోలు, మందలింపు, దిద్దుబాటు. లెబ్రన్ మీద ఫిర్యాదు ఉంటే అదీ అక్కడే, నిర్మొహమాటంగా. పిల్లలు అది చదివి సంతకం పెట్టాలి. అంటే గురువు ఏమనుకుంటున్నదీ శిష్యుడికి దాపరికం లేదు. పెద్దలు తన వెనక ఏం మాట్లాడుకుంటారో అన్న భయం లేకుండా పెరిగిన పిల్లవాడు ఏ రాజభవనంలోనైనా అపురూపమే. ఆ రాతల్లో కొంత భాగాన్ని 1791లో ఆవిడే అచ్చు వేయించింది. తన పనిని తప్పులతో సహా నలుగురి ముందు పెట్టిన ఉపాధ్యాయురాలు ఆ కాలంలో ఇంకొకరు కనబడరు.

తత్వవేత్త రూసోని ఆవిడ స్వయంగా ఎరుగును. చన్నీళ్లు, వడ్రంగం, ఆరుబయట చదువు, వీటిలో ఆయన ఊపిరి వినిపిస్తుంది. కానీ తన పుస్తకంలో రూసో పెంచిన ఎమీల్ కాగితం మీది పిల్లవాడు. తన సొంత బిడ్డల్ని ఆయన అనాథాశ్రమానికి పంపాడు. జాన్లీస్ చేతిలో నిజమైన పిల్లలున్నారు. వాళ్లకి జలుబు చేస్తుంది, అబద్ధాలాడతారు, అలుగుతారు. కవలల్లో ఒకమ్మాయి 1782లో తట్టు వచ్చి చనిపోయింది కూడా. అన్నిటి మధ్యా, ఏళ్ల తరబడి, రోజు తప్పకుండా పాఠం సాగింది.

ఈ పనిలో ఒక లోపం ఉంది, దాన్ని దాటెయ్యడం నాకిష్టం లేదు. పిల్లల మనసులో ఆవిడ తనకి కట్టుకున్న చోటు, వాళ్ల కన్నతల్లికి ఉండవలసిన చోటు. భర్త ప్రేయసే పిల్లలకి గురువైతే ఆ తల్లి ఎంత నలిగిపోయి ఉంటుందో! ఓర్లియాన్ డచెస్ చాలా ఏళ్లు ఓర్చుకుంది. ఫ్రెంచి విప్లవం వచ్చాక, జాన్లీస్ పిల్లలకి కొత్త భావాలు నూరిపోస్తోందని తేలాక, ఇక చాలు, వెళ్లిపొమ్మని పట్టుబట్టింది. ఆ తల్లి కోపం న్యాయమైనది. అదే సమయంలో ఆ పిల్లల చదువు కూడా నిజమైనది. ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యదు.

ఆ చదువు ఎలాంటిదో చరిత్రే పరీక్ష పెట్టింది. 1793లో లూయీ ఫిలిప్ సేనాపతి ద్యుమూరియేతో పాటు సరిహద్దు దాటి పారిపోవలసి వచ్చింది. ఆస్తి లేదు, సొంత పేరు చెప్పుకునే వీల్లేదు. స్విట్జర్లాండ్‌లోని రైహనౌలో ఒక బడి ఉంది. షాబో అనే మారుపేరుతో ఆ అక్టోబరులో అందులో మాస్టారుగా చేరాడు. భూగోళం, లెక్కలు, భాషలు చెప్పేవాడు. నవంబరులో పారిస్‌లో తండ్రి తల గిలెటిన్ కింద తెగింది. అంతకు వారం ముందే జాన్లీస్ భర్త తల కూడా అక్కడే తెగిపడింది. ఇరవై ఏళ్ల కుర్రవాడు ఆ వార్త మోస్తూ అక్కడ పాఠాలు చెప్పాడు. బెల్‌షాస్ మెట్ల మీది దేశపటాలు, భోజనం బల్ల దగ్గరి భాషలు ఆ ఏడాది అతనికి కూడు పెట్టాయి. తర్వాతి కాలంలో ఫ్రాన్సుకి రాజయ్యాక విక్టర్ హ్యూగోతో మాట్లాడుతూ ఆవిడ కాఠిన్యాన్ని, తనకి నేర్పిన చేతిపనుల్ని ఆయన కృతజ్ఞతతో తలుచుకున్నట్టు హ్యూగో రాసిపెట్టుకున్నాడు.

అయినా ఈ బడి పనితనానికి అసలైన నమూనా ఎవరంటే నేను లూయీ ఫిలిప్ పేరు చెప్పను, చెల్లెలు అదెలాయీద్ పేరు చెబుతాను. పసిగుడ్డుగా జాన్లీస్ చేతికి వచ్చిన కవలల్లో బతికిన పిల్ల ఆమె. అన్నల పక్కన కూర్చుని పెరిగింది. గురువుగారి హార్ప్ కూడా ఆమెకి అబ్బింది. ప్రవాసంలో గురువూ శిష్యురాలూ కలిసే దాక్కున్నారు, బ్రెమ్‌గార్టెన్ కాన్వెంటులో. తర్వాత అదెలాయీద్‌ని అమ్మమ్మ చెల్లెలి దగ్గరికి పంపేశారు. 1830 జులైలో పారిస్ వీధుల్లో అడ్డుకట్టలు లేచి పదో షార్ల్ రాజు పతనమైనప్పుడు, కిరీటం సంగతి మాట్లాడడానికి తియేర్ అనే రాజకీయవేత్త ఓర్లియాన్ కుటుంబపు నోయీ భవనానికి వచ్చాడు. అన్న ఇంట్లో లేడు. వదిన వెనకాడింది. అదెలాయీద్ ముందుకొచ్చి, వచ్చిన మాట ఆలకించి, తన వంశం తరఫున తానే మాట ఇచ్చింది. ఆ తర్వాత పదిహేడేళ్లు రాజు రోజూ ఆమెని సంప్రదించే నిర్ణయాలు తీసుకున్నాడు. నోయీలో ఆమె ఆ మాట ఇచ్చిన నాటికి జాన్లీస్‌కి ఎనభై నాలుగేళ్లు. ఇంకా పారిస్‌లోనే, ఇంకా రాస్తూనే ఉంది. తన శిష్యుడు రాజైన ఆ సంవత్సరమే, డిసెంబరు 31న కన్నుమూసింది.