వేళ తప్పిన నిప్పురవ్వ

బోరు వేయించి, కొత్త పిస్టన్లును, రింగులును, కామ్‌షాఫ్టును అమర్చి, హెడ్డు బిగించి, తీరా సెల్ఫు కొట్టినప్పుడు ఇంజను అందుకొనకపోయినచో, చుట్టును చేరినవారందరు తలకొక చేయి వేయుటను మించిన అపకారము ఆ బండికి వేరొకటి లేదు. ఈ వారము మా వీధిలో జరిగినది అదియే. పొరుగింటి యువకుడు తన తాతగారి అంబాసిడరు ఇంజనును ఎంతో శ్రద్ధతో స్వయముగా కట్టుకొనెను. అది అందుకొననందున ఒకరు కాయిలు మార్చిరి; ఒకరు పాయింట్లు గీకిరి; మరియొకరు కార్బురేటరు విప్పి ఫ్లోటు వంచిరి. సాయంకాలమగునప్పటికి తొలి దోషము తొలి చోటనే యుండెను. దానికి తోడు, మార్చిన వస్తువులలో ఏది మంచిదో ఏది చెడ్డదో ఎవరికిని తెలియకుండ పోయెను.

నడచి నడచి ఆగిన ఇంజనులో అరిగినదానిని వెదకవలయును. కొత్తగా కట్టిన ఇంజనులో చేయి తగిలినదానిని వెదకవలయును. ఇచ్చట ప్లగ్గులలో నిప్పు పడుచున్నది, పెట్రోలు అందుచున్నది, కంప్రెషను దండిగా నున్నది. అయినను సెల్ఫు కొట్టినప్పుడెల్ల కార్బురేటరు నోటినుండి టప్పుమని ఎదురు కొట్టుచున్నది. ఆ చప్పుడు వినినంతనే నా మనస్సు బెజవాడ ఆటోనగరునకు పోయెను.

నా యౌవనమున అచ్చట టాక్సీలు బాగుచేయు ఒక షెడ్డులో సాయంకాలములు గడపుట నాకు వ్యసనముగా నుండెను. ఆ షెడ్డు మేస్త్రి, పని నేర్చుకొను కుఱ్ఱలను, ప్లగ్గులకు నిప్పు పంచు డెల్కో మూత తీయనిచ్చుటకు ముందు, ఒకటవ ప్లగ్గు విప్పించి, ఆ రంధ్రముపై బొటనవ్రేలు అదిమి పట్టుమని చెప్పి, తాను ముందునుండి హ్యాండిలు మెల్లగా త్రిప్పెడివాడు. ఒక చుట్టులో వ్రేలికి ఏమియు తెలియదు. మరుచుట్టులో లోపలి గాలి వ్రేలిని పైకి నెట్టి, చమురు తడితో బుస్సున బయటపడును. “పిస్టను రెండుసార్లు పైకొస్తుందిరా. ఒకసారి ఊపిరి బిగబట్టి వస్తుంది, ఇంకోసారి వదిలేసి వస్తుంది. ఏది ఏదో కంటికి తెలీదు, వేలికి తెలుస్తుంది,” అనెడివాడు. క్రాంకు రెండు చుట్లు తిరిగినప్పుడు కామ్‌షాఫ్టును, దానితోపాటు డెల్కోయును ఒక్క చుట్టే తిరుగుటయు, పుల్లీమీది గుర్తు మాత్రము ఆ రెండుసార్లును ఒకే తీరున కలియుటయు ఆ పాఠములోని రహస్యము. గుర్తునే నమ్మి, పొగ వదలు చుట్టులో డెల్కో గేరు దింపినవాని బండిలో ఒకటవ సిలిండరునకు చేరవలసిన నిప్పు నాలుగవదానికి చేరును. అచ్చట అప్పుడే తెఱచుకొనుచున్న వాల్వుగుండ మంట కార్బురేటరులోనికి తన్నును.

ఈ వారము పిలువగా వచ్చిన వృద్ధ మేస్త్రియు అదే పరీక్ష చేయించెను; దోషము అదియే. ఇక వివాదము ఆరంభమయ్యెను. యువకుడు గేరును విప్పి, పుస్తకములో నున్నట్లు మరల దింపెదననెను. “ఇప్పుడెందుకు బాబూ, వైర్లు మార్చెయ్. ఒకటికీ నాలుక్కీ, రెండుకీ మూడుకీ. ముందు బండి స్టార్టవ్వాలి,” అనెను మేస్త్రి. ‘ప్రస్తుతానికి నడుస్తుంది లెండి’ అను మాటతో నాకు గల చిరకాల వైరము ఈ శీర్షికను చదువువారికి క్రొత్త గాదు; నేను యువకుని పక్షమున నిలుతునని అచ్చటివారందరు తలచిరి.

కాని మేస్త్రి మాటయే సరియైనది. కొత్త కామ్‌షాఫ్టు ముక్కులకు నూనె ముఖ్యముగా క్రాంకు చిమ్ముటవలననే అందును. సెల్ఫుతో నెమ్మదిగా త్రిప్పినకొలదిని, కట్టునప్పుడు పూసిన పూత తుడిచిపెట్టుకొని పోవును. కాలని పెట్రోలు సిలిండరు గోడల నూనెను కడిగి సంపులోనికి దిగును. ఆ దినమంతయు త్రిప్పిన ఇంజనును ఇంకను జాగు చేయక అంటించి, సుమారు 2000 చుట్ల వేగమున 20 నిమిషములు నడుపుటయే దానికి రక్ష. మూతలో ఏ గూటిని ఒకటవదనుటయో మన ఏర్పాటు మాత్రమే. 1-3-4-2 వరుస చెడకుండ, ఒకటవ సిలిండరున వాయువు నొక్కుకొనువేళ నిప్పు చేరినచో ఇంజనునకు కొఱతయేమి?

వైర్లు మార్చిరి, ఇంజను అందుకొనెను. నేను పట్టుపట్టినది ఒక్కటే: మూతపై ఒకటవ వైరు గూటి ప్రక్కన తెల్లరంగుతో అంకె వ్రాయవలెనని. రేపు పుస్తకము చేతబట్టి ఆ మూత తెఱచు మరియొక మెకానికునకు ఆ అంకె లేనిచో దినమంతయు వృథాయగును. యువకుడు వ్రాసెను గాని, తొలిసారి నూనె మార్చునాడు గేరు సరిచేసెదనని ఇప్పటికిని అనుచున్నాడు. చేసికొనవచ్చును, ఆనాడు వైర్లను పూర్వస్థానములకు మార్చి, ఆ అంకెను గీకివేయుట మరువరాదు.